419 ఎక్కడ పోయింది?

2023 అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ రోజు, సాయంత్రం ఆరున్నర దాటింది. పరకాల నియోజకవర్గంలో ఒక ఊరి బడి, ఐదో తరగతి గది. ఒక ట్యూబులైటు వెలుగుతోంది, రెండోది కొట్టుకుంటోంది. ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్ మీద టోటల్ బటన్ నొక్కితే 742 అని చూపించింది. ఓటర్లతో సంతకాలు పెట్టించుకున్న 17ఏ రిజిస్టరులో ఆఖరి వరుస సంఖ్య 743.

నేను లెక్కల టీచర్ని, ఆ రోజు ఆ బూత్‌కు ఇన్‌చార్జిని. ఒకటి తేడా వస్తే పిల్లల నోటుబుక్కులో ఎర్ర సున్నా చుట్టే చేయి నాది. ఆ పూట ఆ చేతికి చెమట పట్టింది.

గోడవారన కూర్చున్న పార్టీ ఏజెంట్లలో ఒకాయన లేచాడు. "ఏంది మేడం, ఒక ఓటు ఎటువోయింది?" అన్నాడు. అడగడంలో తప్పేం లేదు, ఆయన పొద్దుటి నుంచి అక్కడ కూర్చున్నదే అందుకు. కానీ ఆ గొంతులో అప్పటికే తీర్పు ఉంది. ఇంకో ఐదు నిమిషాల్లో ఆ మాట బడి గేటు దాటుతుంది, పది నిమిషాల్లో ఊరు దాటుతుంది. "మిషన్ల ఓటు మాయమైందట" అని.

రిజిస్టరు రాసింది మా టీంలో చిన్నది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని జూనియర్ అసిస్టెంట్, మొదటి ఎలక్షన్ డ్యూటీ. పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మేడం, నేను కరెక్టుగనే రాసిన మేడం" అంటోంది. ఎవరైనా సంతకం పెట్టి, సిరా పెట్టించుకుని, ఓటు వేయకుండానే వెళ్లిపోయారా? అలా వేయనంటే వేయనన్నట్టు రిమార్కు రాయాలి, సంతకం తీసుకోవాలి. దానికో నిబంధన ఉంది, 49-ఓ. ఆ రోజు అట్లాంటి వాళ్లెవరూ లేరు. మూడో అధికారి ఎవరికైనా ఓటు వేయడానికి మిషన్ తెరిచే బ్యాలెట్ బటన్ నొక్కడం మర్చిపోయాడా? మర్చిపోతే ఆ ఓటరు ఊరుకుంటాడా?

ఈ కథ ముగింపు కాసేపాగి చెప్తాను. ముందు ఆ గదిలోకి మేం ఎట్లా వచ్చామో చెప్పాలి. నా వాదనంతా అక్కడే ఉంది.

ముందు రోజు పొద్దున ఏడింటికి, పోలింగ్ సామాను ఇచ్చే డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లో రిపోర్టు చేయాలి. హనుమకొండలో నాలుగున్నరకే లేచి, ఇంట్లో ఇద్దరికి రెండు పూటలకు వండిపెట్టి బయల్దేరాను. ఎవరికి ఏ పోలింగ్ స్టేషనో ఆ పొద్దున దాకా చెప్పరు. అది మంచిదే, ముందే తెలిస్తే ముందే ఫోన్లు వస్తాయి. టీంలో నలుగురం: ప్రిసైడింగ్ ఆఫీసర్ (పీఓ) నేను, ఒక అసిస్టెంట్ ప్రిసైడింగ్ ఆఫీసర్ (ఏపీఓ), ఇద్దరు మిగతా పోలింగ్ ఆఫీసర్లు (ఓపీఓలు). ఒకరి మొహం ఒకరికి తెలియదు. షామియానా కింద మైకు మోగుతుంటే ఫోన్లలో "ఎక్కడున్నరు సార్? నేను నీళ్ల క్యాన్ దగ్గరున్న" అని వెతుక్కోవడంతోనే గంట పోయింది. మా రెండో ఓపీఓ రానేలేదు. రిజర్వు వాళ్లలోంచి ఇంకొకరిని ఇచ్చేసరికి పదకొండు.

తర్వాత సామాను. కంట్రోల్ యూనిట్, ఓటరు బటన్ నొక్కే బ్యాలెట్ యూనిట్, ఎవరికి పడిందో చీటీ చూపించే వీవీప్యాట్, వీటి నంబర్లు మాకిచ్చిన కాగితంలో ఉన్నవేనా చూసుకోవాలి. ఆకుపచ్చ పేపర్ సీళ్లు, స్పెషల్ ట్యాగు, లక్క, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, దారం, బ్లేడు, గుండుసూదులు, కార్బన్ కాగితాలు. చెరగని సిరా సీసా పడిపోకుండా పెట్టుకోవడానికి ఒక ఖాళీ డబ్బా కూడా ఆ లిస్టులో ఉంటుంది. సిరా సీసా ఒరిగిపోతుందేమోనని ఇంత ముందుచూపుతో ఆలోచించిన వ్యవస్థంటే నాకు నిజంగా గౌరవం. ఆ గౌరవంతోనే అడుగుతున్నాను, సీసా సంగతి ఆలోచించినవాళ్లు సీసా పట్టుకునే మనిషి ఒరిగిపోవడం గురించి ఎందుకు ఆలోచించలేదు?

బస్సు కదిలేసరికి మూడు. ఊరు చేరేసరికి ఐదు. బెంచీలు జరిపి, అట్ట కంపార్ట్‌మెంట్ నిలబెట్టి, పోస్టర్లు అతికించి, బయట సున్నంతో వంద మీటర్ల గీత గీయించి, కవర్ల మీద నియోజకవర్గం పేరు, స్టేషన్ నంబరు రాయడం మొదలుపెట్టాం. నా మొదటి డ్యూటీ 2009లో. అప్పుడొక పెద్ద సారు చెప్పిన మాట, ఇప్పటికీ ప్రతి పీఓ కొత్తవాళ్లకు చెప్పేదే: "ఈ రాత్రి రాసుకోకపోతే రేపు రాత్రి ఏడుస్తవ్." రాసుకున్నాం, పదకొండున్నర దాకా. ఏ కవరూ ఖాళీగా పోకూడదు. టెండర్డ్ ఓట్లు (తన పేరున ఇంకెవరో ముందే వేసేస్తే అసలు ఓటరు కాగితం మీద వేసేవి) లేకపోయినా ఆ కవరు ఉండాలి, లోపల "నిల్" అని రాసిన కాగితం ఉండాలి. ఏమీ జరగలేదని ఇంత శ్రద్ధగా రాసుకునే పని నేను ఇంకెక్కడా చూడలేదు.

మగవాళ్లిద్దరూ వరండాలో పడుకున్నారు. మేమిద్దరం గదిలో బెంచీలు జోడించుకుని, మిషన్ల పక్కనే. నవంబరు చలి, దోమలు, ఊరకుక్కలు. బెంచీకి బెంచీకి మధ్య సందు సరిగ్గా నడుం కిందికే వస్తుంది, ఎట్లా తిరిగినా. పన్నెండున్నరకు కన్నంటుకుందేమో, మూడుముప్పావుకు అలారం. బూత్ లెవెల్ ఆఫీసరుగా ఉన్న అంగన్‌వాడీ టీచర్ నాలుగింటికి బకెట్‌లో వేడినీళ్లు తెచ్చిపెట్టింది. ఆమె కూడా రాత్రి పది దాకా ఓటరు చీటీలు పంచి వచ్చిన మనిషే. బడి బాత్రూం తలుపుకు గడియ లేదు. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట కాపలా.

ఐదున్నరకు మాక్ పోల్. పార్టీల ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్లు వేయించి, ఫలితం చూపించి, వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టి, రెండూ సరిపోయాయని ఒప్పించి, తర్వాత అన్నీ చెరిపేయాలి. క్లోజ్, రిజల్ట్, క్లియర్. సీఆర్‌సీ. ట్రైనింగులో ఈ మూడక్షరాలు రామకోటిలా చెప్పిస్తారు. ఎందుకంటే క్లియర్ చేయడం మర్చిపోతే ఆ 50 ఉత్తుత్తి ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. కౌంటింగ్ నాడు ఆ మిషన్‌ను పక్కన పెడతారు. గెలుపు తేడా ఆ మిషన్‌లో పడ్డ ఓట్లకంటే తక్కువైతే అప్పుడు దాని సంగతి చూస్తారు. ఒక ఊరు ఊరంతా పొద్దున్నుంచి లైన్లో నిలబడి వేసిన ఓట్లు పక్కన పెట్టిన పెట్టెలో ఉంటాయన్న మాట. కారణం? మూడు గంటల నిద్రతో లేచిన ఒక మనిషి మూడో బటన్ నొక్కలేదు.

నేను మర్చిపోలేదు. కానీ ఆ పొద్దున నేను రిజల్ట్ చూపించి, ఏజెంట్లతో సంతకాలు పెట్టించుకుంటూ మాటల్లో పడ్డాను. మా ఏపీఓ, పక్క మండలంలో సైన్స్ టీచరు, నెమ్మదిగా దగ్గి "మేడం, క్లియర్" అన్నాడు. ఆయన దగ్గకపోతే నేనే గుర్తుచేసుకునేదాన్ని అనుకుంటాను. ఖచ్చితంగా చెప్పలేను.

ఏడింటికి మొదలైతే ఇక తల ఎత్తలేదు. పత్తి ఏరే రోజులు. ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి ఓటేసి చేన్లకు పోదామని లైన్ కట్టారు. ఒక ముసలామె, వీపు వంగిపోయి, కర్ర పట్టుకుని వచ్చింది. కంపార్ట్‌మెంట్ దగ్గర నిలబడి నన్ను పిలిచింది. "బిడ్డా, నాకు కండ్లు ఆనుతలేవు. నువ్వే ఒత్తు." నేను ఒత్తకూడదు. చూపు లేనివాళ్లకు, చేతకానివాళ్లకు ఒక తోడు ఉండొచ్చు, వాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండాలి, ఆ రోజు ఇంకెవరికీ తోడుగా వెళ్లి ఉండకూడదు, డిక్లరేషన్ ఇవ్వాలి, 14ఏ ఫారంలో రాసుకోవాలి. ఇదంతా ఆమెకు చెప్పాను. "గింత కథనా? నువ్వు పంతులమ్మవే గదా, నువ్వు అబద్ధం ఒత్తుతవా?" అంది. లైన్లో అందరూ నవ్వారు. చివరికి మనవరాలిని పిలిపించాం. ఆమె వెళ్లేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లింది. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ గుర్తుంది.

రెండు గంటలకోసారి పోలింగ్ శాతం పంపాలి. తొమ్మిది, పదకొండు, ఒంటిగంట, మూడు, ఐదు. లైన్లో యాభైమంది ఉండగా ఫోను మోగుతుంది, "మేడం, మీ పీఎస్ ఒక్కటే పెండింగ్ ఉంది." ఆడవాళ్లెంత, మగవాళ్లెంత విడగొట్టి చెప్పాలి. చెప్పేశాం. ఆ అంకెలు అప్పటికప్పుడు నోటితో చెప్పినవి, ముద్ర వేసినవి కావు. ఈ తేడా జనానికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఏప్రిల్ 19న జరిగిన మొదటి విడత తుది శాతం ఏప్రిల్ 30న బయటికొచ్చి, ముందు చెప్పినదానికంటే ఎక్కువ ఉండేసరికి దేశమంతా గోల. బూతుల వారీగా ఓట్ల లెక్క రాసే 17సీ ఫారాలు బయటపెట్టమని కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. మే 24న, ఎన్నికల మధ్యలో ఆదేశాలు ఇవ్వలేమని కోర్టు అంది. టీవీలో ఆ చర్చ నడుస్తుంటే మా ఆయన నన్ను చూసి "మీ కాగితం గురించే" అన్నాడు.

అవును, మా కాగితమే. 17సీ. ఈ పోలింగ్ స్టేషన్లో ఓటర్లెందరు, 17ఏ ప్రకారం వచ్చినవాళ్లెందరు, మిషన్లో నమోదైన ఓట్లెన్ని, రెండూ సరిపోయాయా లేదా, సీళ్ల నంబర్లేమిటి, అంతా అందులో. పీఓ సంతకం చేసి ఏజెంట్లకు కాపీ ఇవ్వాలి. కౌంటింగ్ నాడు మిషన్ మీద అంకె, 17సీ మీద అంకె కలవకపోతే ఆ మిషన్ కూడా పక్కకే. ఈ దేశంలో ఎన్నిక నిజమా కాదా అని ఎవరైనా నన్నడిగితే నేను చూపించేది ఆ ఒక్క కాగితం. మరి దాన్ని రాసేది ఏ చేయి? ముప్పైఆరు గంటలుగా డ్యూటీలో ఉన్న చేయి. ట్యూబులైటు కొట్టుకుంటున్న గదిలో.

ఈవీఎంల మీద అనుమానాల గురించి నా మాట నేను చెప్తాను. ఎవరో ఎక్కడో కూర్చుని నా బూత్‌లో మిషన్‌ను మారుస్తారన్న కథలు నేను నమ్మను. దానికి బయటికి పోయే వైరు లేదు, నెట్టు లేదు, నా కళ్ల ముందు నుంచి కదల్లేదు. అట్లాగని "మా వ్యవస్థ పకడ్బందీ" అని అధికారులు ఛాతీ విరుచుకుంటే దానికీ తల ఊపను. 2019 నుంచి ప్రతి అసెంబ్లీ సెగ్మెంట్లో ఐదు వీవీప్యాట్‌ల చీటీలు లెక్కపెడుతున్నారు, మంచిదే. అన్నీ లెక్కపెట్టాలన్న పిటిషన్‌ను 2024 ఏప్రిల్‌లో కోర్టు కొట్టేసింది. రెండు పక్షాలూ వాదించుకుంటున్నది యంత్రం గురించే. నేను పది దాకా ఎన్నికల్లో పనిచేశాను. యంత్రం లెక్క తప్పడం నా కళ్లతో చూడలేదు. మనిషి తప్పడం చూశాను, నాతో కలిపి.

వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక గుర్తుందా, 2024 మేలో జరిగింది? 52 మంది అభ్యర్థులు, బెడ్‌షీటంత బ్యాలెట్టు. అందరూ డిగ్రీ చదివినవాళ్లే ఓటర్లు. పాతిక వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. అంతకుముందు 2021లో 71 మంది నిలబడితే ఇరవై ఒక్క వేలకు పైగా. నేను నవ్వడానికి చెప్పట్లేదు (మా స్టాఫ్‌రూంలో నవ్వుకున్నాం, అది వేరే). ఓటరు తప్పు చేస్తే దానికి "చెల్లని ఓటు" అని ఒక పేరుంది, ఒక కట్ట ఉంది, ఒక లెక్క ఉంది. సిబ్బంది అలసట వల్ల జరిగే తప్పుకు పేరే లేదు. పేరు లేనిదాన్ని ఎవరు లెక్కపెడతారు? దొరికినప్పుడు దాన్ని "నిర్లక్ష్యం" అంటారు, మెమో ఇస్తారు.

మా తమ్ముడు కాజీపేటలో లోకో పైలట్. డ్యూటీ ఎక్కేముందు ఎన్ని గంటలు విశ్రాంతి తీసుకున్నాడో రైల్వే వాళ్లకు లెక్క కావాలి. ఇన్ని గంటలకు మించి ఇంజను మీద ఉండకూడదని రూలుంది. ఆ రూలు ఎంత బాగా అమలవుతుందో అని వాడికి వాడి బాధలు వాడికున్నాయి, కానీ రూలంటూ ఉంది, దాన్ని పట్టుకుని కొట్లాడొచ్చు. వాడు ఒకసారి నన్ను ఎక్కిరించాడు. "అక్కా, నిద్ర లేకుంటే మాకు రైలియ్యరు. నీకు మాత్రం ఎమ్మెల్యేను ఇస్తరు."

నా డ్యూటీకి గంటల లెక్క నేనే కట్టాను. ముందు రోజు పొద్దున ఏడింటికి రిపోర్టు చేస్తే, మూడో రోజు అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు రిలీవ్ చేశారు. 42 గంటలు. అందులో నిద్ర మూడు గంటలు.

"ఐదేళ్లకోసారే గదా, ఆ మాత్రం చేయలేరా, టీచర్లకు సెలవులకు తక్కువా" అనేవాళ్లకు ఒక లెక్క. 2018 డిసెంబరు 7న అసెంబ్లీ. 2019 జనవరిలో మూడు విడతలుగా పంచాయతీ. ఏప్రిల్ 11న లోక్‌సభ. మేలో మళ్లీ మూడు విడతలుగా ఎంపీటీసీ, జెడ్పీటీసీ. ఆరు నెలల్లో నాలుగు. 2021 ఏప్రిల్ 30న, కరోనా రెండో అల నడినెత్తిన ఉన్నప్పుడు, గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఎన్నికలు పెట్టారు. అప్పుడూ బూతుల్లో కూర్చున్నది మేమే. ఓపిక లేదనడం లేదు. ఓపికను కొలిచి వాడమంటున్నా.

"టైం టేబుల్ కమిషన్‌ది, మార్చడం కుదరదు" అని ఇంకో మాట. ఎందుకు కుదరదు? మన తెలంగాణలోనే ఎన్నిసార్లు మార్చారో చూడండి. 2019లో నిజామాబాద్ లోక్‌సభకు పసుపు రైతులు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేస్తే 185 మంది బరిలో మిగిలారు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. అన్ని మిషన్లు కలిపి మాక్ పోల్ చేయాలంటే టైం సరిపోదని అక్కడ పోలింగ్‌ను ఏడింటికి కాకుండా ఎనిమిదింటికి మొదలుపెట్టి ఆరింటిదాకా నడిపారు. యంత్రం కోసం గంట జరిగింది. 2024 మే 13న ఎండ దంచుతోందని ఓటర్ల కోసం ఆరింటి దాకా పొడిగించారు. ఓటరు కోసం గంట జరిగింది. భూపాలపల్లి, ములుగు, మంథని లాంటి 13 నియోజకవర్గాల్లో నాలుగింటికే ముగిస్తారు, చీకటి పడకముందే మిషన్లు, మనుషులు అడవి దాటి రావాలని. భద్రత కోసం గంట జరిగింది. గంటలు జరుగుతాయి, జరగాల్సిన కారణం ఎవరికైనా కనిపిస్తే.

మాకు కావాల్సింది పోలింగ్ టైం మార్చడం కూడా కాదు. అటూ ఇటూ పోయే గంటలు.

పోలింగ్ అయ్యాక మిషన్లు, కాగితాలు అప్పజెప్పే రిసెప్షన్ సెంటర్ గురించి చెప్తే అర్థమవుతుంది. ఆ రోజు మా బూత్ పని ఎనిమిదింటికి అయిపోయింది. కానీ మా రూటు బస్సులో ఆరు టీంలు. ఐదు టీంలు సీలు వేసి, మిషన్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఆరో ఊళ్లో లైను ఇంకా నడుస్తోంది. ఐదింటికి లైన్లో ఉన్నవాళ్లందరికీ ఓటు ఉంటుంది. తోక నుంచి మొదలుపెట్టి, అంటే ఆఖరున నిలబడ్డ మనిషికి ఒకటో నంబరు చీటీ ఇచ్చి, ముందుకు పంచుకుంటూ వస్తాం, వెనక ఇంకెవరూ చేరకుండా. ఆ ఊళ్లో చీటీలు నూటముప్పై దాటాయట. వాళ్లను తప్పుపట్టేదేం లేదు. తొమ్మిదిన్నరకు బస్సు కదిలింది. పదిన్నరకు సెంటర్. అక్కడ మిషన్ అప్పజెప్పే కౌంటర్ ఒకటి, కవర్ల కౌంటర్ ఒకటి, కానీ మొదటిది తీసుకోవాలంటే రెండోది ఓకే అనాలి. పీఓ డైరీలో ఒక కాలం ఖాళీ ఉందని, "నిల్" కాగితం మీద సంతకం లేదని, ఒక్కొక్కరినీ వెనక్కి పంపుతున్నారు. నేలమీద కూర్చుని, ఒళ్లో పలక పెట్టుకున్న పిల్లల్లాగా, గెజిటెడ్ హెడ్మాస్టర్లు కవర్లు మళ్లీ రాస్తున్నారు. కౌంటర్ వెనకున్నాయన మీద కోపం రాలేదు. ఆయనా పొద్దుటి నుంచే ఉన్నాడు. మా కాగితాలు చూస్తూ చూస్తూ ఆయన కళ్లు మూతపడ్డాయి, ముద్ర చేతిలోనే ఉంది. నేను గొంతు సవరించుకున్నా. పొద్దున మా ఏపీఓ దగ్గినట్టే.

నేను అడిగేది ఇది. మిషన్, 17సీ, 17ఏ, డైరీ, ఈ నాలుగూ రాత్రే తీసుకోండి, రసీదు ఇవ్వండి. మిగతా కవర్లు, ఖాళీ కవర్లు, మిగిలిన లక్క, ఆ సిరా డబ్బా, ఇవి తెల్లారి తీసుకుంటే ఎన్నికకు వచ్చే నష్టమేంటి? ముందు రోజు అందరినీ ఏడింటికే పిలిచే బదులు రూటు వారీగా పిలవండి. మూడింటికి కదిలే బస్సుకు ఏడింటికి మనిషెందుకు? రాత్రి ఆడవాళ్లను ఇళ్ల దగ్గర దింపే బండి "వీలైతే" కాకుండా డ్యూటీ ఆర్డర్లోనే రాయండి.

ఇంతకంటే పెద్ద మార్పులు కూడా ఆలోచించాను, నాకు నేనే కాదనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి వేరే టీం వచ్చి ముగింపు పని చూసుకుంటే? బాగానే ఉంటుంది, కానీ పొద్దున ఏం జరిగిందో తెలియని మనిషి 17సీ మీద ఏ ధైర్యంతో సంతకం పెడతాడు? మా దగ్గరికి రెండు గంటలకోసారి వచ్చే సెక్టార్ అధికారి కారులోనే మిషన్లు పంపిస్తే? ఆ కారులో రిజర్వు మిషన్లుంటాయి. ఓట్లున్న పెట్టె, ఓట్లు లేని పెట్టె ఒకే బండిలో కనిపిస్తే తెల్లారి పేపర్లో ఏమొస్తుందో నాకు తెలుసు. సీలు వేసిన చేయే అప్పజెప్పాలన్న పద్ధతి సరైందే. ఆ చేయి నాదే కావాలి, వేరేవాళ్లకు ఇవ్వను. అందుకే ఆ చేతికి కాస్త నిద్ర అడుగుతున్నా.

పంచాయతీ ఎన్నికల డ్యూటీ అంటే అందరూ భయపడతారు గానీ, నాకు అదే నయమనిపిస్తుంది. ఒంటిగంటకు పోలింగ్ అయిపోతుంది, రెండింటి నుంచి అక్కడే కౌంటింగ్. సర్పంచ్‌కు గులాబీ కాగితం, వార్డు మెంబరుకు తెల్లది. అరుపులు, కేకలు, ఒక్క ఓటుకు రీకౌంటింగ్, పదేళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ముల పంచాయితీ అంతా మన బల్ల మీదే. కానీ చీకటి పడేసరికి ఎవరు గెలిచారో ఊరికి తెలుసు, మన పెట్టెలో అనుమానం ఏదీ మిగలదు. ఏ స్ట్రాంగ్ రూం ముందూ ఎవరూ గుడారం వేసుకుని కాపలా ఉండరు.

419 సంగతి.

ఏజెంట్లను కూర్చోమని చెప్పి, తలుపు దగ్గరికి వేయించి, రిజిస్టరు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాం. ఆ పిల్ల వరుస సంఖ్య పైకి చదువుతుంటే మా ఏపీఓ స్కేలు జరుపుతూ వచ్చాడు. ఒకటి, రెండు, మూడు. నేను సంతకాలు చూస్తున్నాను. సగం వేలిముద్రలే. నాకు తల మీద చెయ్యి పెట్టిన ముసలామె వేలిముద్ర, పక్కనే మనవరాలి సంగతి రిమార్కులో. 200 దాటాం. 300. ఏజెంట్లలో ఇద్దరు లేచి వచ్చి వెనక నిలబడ్డారు. వద్దనలేదు. 416, 417, 418, పేజీ అయిపోయింది. తిప్పితే 420.

ఆ పిల్ల ఆగిపోయింది. మళ్లీ వెనక్కి తిప్పింది. 418. ముందుకు. 420. 419 అని ఒక మనిషి ఆ రోజు ఆ ఊళ్లో లేనేలేడు. పేజీ తిప్పినప్పుడు నంబరు ఎగిరిపోయింది. అప్పుడు టైమెంత అయి ఉంటుందో లెక్కేశాను, మధ్యాహ్నం ఒంటిగంట చిల్లర. నేను మగవాళ్లిద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని అన్నం తినడానికి లేపుతున్న టైం. మధ్యాహ్న భోజనం వండే అక్కలు తెచ్చిన అన్నం, గుడ్డు కూర. ఆ పిల్ల కుర్చీలోంచి లేవకుండా ఎడమ చేత్తో తింటూ కుడి చేత్తో రాసింది. లైను ఆపొద్దని నేనే అన్నాను.

"ఎటువోయింది" అనడిగిన ఏజెంటు వంగి పేజీ చూశాడు. రెండుసార్లు తిప్పి చూశాడు. తర్వాత ఆ పిల్లతో, "పోనీ తియ్యి చెల్లె, పొద్దటి సంది నేను కూసొనుడుకే నడుములు వోయినయ్, నువ్వు రాస్తనే ఉంటివి" అన్నాడు. డైరీలో జరిగింది జరిగినట్టు రాశాను, 17ఏ ఆఖరున వివరం రాశాను, ఉన్న ఏజెంట్లందరితో సంతకాలు పెట్టించుకున్నాను. 17సీలో 742 అని రాసి, సరిపోయింది అని రాశాను. క్లోజ్ బటన్ అప్పటికే నొక్కి ఉంది. లక్క కరిగించి సీలు వేస్తుంటే ఒక చుక్క చూపుడు వేలు మీద పడింది. ఆ ఎన్నికలో నా వేలికి సిరా లేదు, నాది పోస్టల్ ఓటు. ఆ చిన్న మచ్చే ఉంది.

17సీ కాపీలు తీసుకోమంటే ఐదుగురిలో ఇద్దరే తీసుకున్నారు. మిగతావాళ్లు "ఎందుకు మేడం, మీరు రాసుకున్నరు గదా" అని వెళ్లిపోయారు. ఆ రెండు కాపీల్లో ఒకటి ఆ "ఎటువోయింది" అన్నాయనది. మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆయన ఏ పార్టీయో మీకు చెప్పను గానీ, ప్రతి బూత్‌లో అట్లాంటివాడు ఒకడుంటే నాకు సగం భయం తగ్గుతుంది.

2025 డిసెంబరులో మళ్లీ పంచాయతీ ఎన్నికలొచ్చాయి, 11, 14, 17 తేదీల్లో మూడు విడతలు. ట్రైనింగ్ క్లాసులో ప్రొజెక్టర్ మీద స్లైడ్లన్నీ అయిపోయాక, "డౌట్లేమన్నా ఉంటే అడగండి" అన్నారు. చేయెత్తాను. రిపోర్టింగ్ టైం, రాత్రి తిరుగు ప్రయాణం, ఆడవాళ్ల పడక, అన్నీ అడిగాను. హాల్లో వెనక వరుసలు చప్పట్లు కొట్టాయి. మైకు పట్టుకున్నాయన మంచివాడే, ఓపికగా విన్నాడు. పక్కనున్న ఇంకో అధికారితో గుసగుసగా ఏదో మాట్లాడి, మైకు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మేడం, చలి బాగుంది. వచ్చేటప్పుడు ఒక దుప్పటి తెచ్చుకోండి."

నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకటి: దుప్పటి. రెండు: బాత్రూం గడియకు తాడు.